కఫ్ నుంచి చిప్ దాకా: బీపీ జన్యువుల ప్రాజెక్టు డైరీ

మార్చి: ముందు లెక్క

లక్ష్యం 2,000 మంది. అందరూ హైదరాబాద్‌లో ఉంటున్న తెలుగువాళ్ళు, వయసు 30 నుంచి 60 లోపు. ఇంతమందితో ఏం దొరుకుతుంది, ఏం దొరకదు అన్నది కాగితం మీద తేలాకే ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టాం.

మనిషికీ మనిషికీ బీపీలో ఉండే తేడాలో 30 నుంచి 50 శాతం వారసత్వంగా వచ్చేదని కుటుంబాల మీద, కవలల మీద జరిగిన అధ్యయనాలు చెబుతాయి. ఆ వాటా ఒకటి రెండు జన్యువుల్లో కూర్చుని లేదు. 2011లో రెండు లక్షల మంది యూరోపియన్లతో చేసిన ఐసీబీపీ (బీపీ జన్యువుల అంతర్జాతీయ కన్సార్షియం) అధ్యయనంలో 29 వేరియంట్లు (డీఎన్‌ఏలో మనిషికీ మనిషికీ మారే చోట్లు) తేలాయి. 2018లో పది లక్షల మందికి పైగా కలిపి చూస్తే బీపీతో ముడిపడ్డ చోట్లు మొత్తం 901 అయ్యాయి. ఒక్కో చోటు బలం మాత్రం చిన్నది: ఒక అల్లీలుకు (వేరియంట్‌లోని ఒక రూపం) సిస్టాలిక్ బీపీలో (పై అంకె) సాధారణంగా అర మి.మీ. నుంచి ఒక మి.మీ. (పాదరసం) తేడా.

ఇప్పుడు మన 2,000 సంగతి. జీనోమ్ (డీఎన్‌ఏ మొత్తం) అంతా వెతికేటప్పుడు పీ విలువ (అలాంటి ఫలితం కాకతాళీయంగా వచ్చే అవకాశం) 5×10⁻⁸ కంటే తక్కువ ఉండాలి. 80 శాతం పవర్ (నిజంగా ఉన్న ప్రభావాన్ని పట్టుకునే అవకాశం) కావాలంటే ఒక స్నిప్ (డీఎన్‌ఏలో ఒక్క అక్షరం మారే వేరియంట్) బీపీ తేడాలో వివరించే వాటాను మనుషుల సంఖ్యతో గుణిస్తే సుమారు 39.6 రావాలి. సిస్టాలిక్ ఎస్‌డీ (సగటు చుట్టూ విలువల చెదురు) 18, అల్లీలు ఫ్రీక్వెన్సీ (జనంలో దాని వాటా) 0.3, ప్రభావం 1 మి.మీ. అనుకుంటే వాటా 0.42ను 324తో భాగించినంత, అంటే 0.0013. దానికి 30 వేల మంది కావాలి. ప్రభావం అర మి.మీ. అయితే లక్షా 20 వేలు దాటాలి. ఇదే లెక్క తిరగేస్తే, 2,000 మందితో పట్టుబడేది అల్లీలుకు దాదాపు 4 మి.మీ. తేడా చేసే సాధారణ వేరియంటే. అలాంటిది ఉండి ఉంటే ప్రపంచం ఇప్పటికే చూసేసేది.

2007లో బ్రిటన్‌లో వెల్‌కమ్ ట్రస్ట్ కన్సార్షియం ఏడు జబ్బులు తీసుకుని, ఒక్కోదానికి 2,000 మంది రోగులతో, అన్నిటికీ ఉమ్మడిగా 3,000 మంది కంట్రోళ్ళతో (పోలిక కోసం తీసుకున్నవాళ్ళు) వెతికింది. హైపర్‌టెన్షన్‌లో ఒక్క స్నిప్ కూడా ఆ గీత దాటలేదు. కారణాల్లో ఒకటి ఇప్పటికీ గుర్తుపెట్టుకోదగ్గది: ఆ కంట్రోళ్ళను బీపీ చూసి ఎంచుకోలేదు. బీపీ ఉన్నవాళ్ళూ అందులో కలిసిపోయారు.

కాబట్టి 'కొత్త జన్యువు' అన్న మాట ప్రతిపాదనలోంచి తీసేశాం. బయట ఇప్పటికే తేలిన వేరియంట్లు మనవాళ్ళలో అదే దిశలో పనిచేస్తున్నాయా అన్నది చూస్తాం. పెద్ద మెటా ఎనాలిసిస్‌లో (చాలా అధ్యయనాలను కలిపి చేసే లెక్క) కలపదగ్గ శుభ్రమైన డేటా తయారుచేస్తాం. చిన్న వయసులోనే బీపీ వచ్చిన కుటుంబాల్లో ఒకే జన్యువు వల్ల వచ్చే అరుదైన జబ్బుల కోసం విడిగా వెతుకుతాం. ఈ మూడో పనిలో శాంపిల్ సైజు బాధ లేదు.

ఏప్రిల్: కఫ్

ప్రాజెక్టులో ఎక్కువ సమయం పెట్టవలసింది ఇక్కడే అని మా అభిప్రాయం. జన్యువు చూపించే తేడా ఒక మి.మీ. దాన్ని కొలిచే చోట ఐదు మి.మీ. పొరపాటు ఉంటే జన్యువులు చదివే చిప్ ఎంత మంచిదైనా చేసేదేమీ లేదు.

మొదట కఫ్ (చేతికి చుట్టే పట్టీ) సైజు. బస్తీ దవాఖానల్లో, ఇళ్ళలో సాధారణంగా ఉండేది ఒకటే కఫ్, 'అడల్ట్' అని రాసి ఉండేది. భుజానికీ మోచేతికీ మధ్య చుట్టుకొలత టేపుతో చూసి 22–26 సెం.మీ. అయితే చిన్న కఫ్, 27–34 అయితే మామూలుది, 35–44 అయితే పెద్దది కట్టాలి. 2023లో అచ్చైన ఒక ట్రయల్‌లో మూడు సైజుల తప్పులూ కొలిచారు: పెద్ద కఫ్ అవసరమైన చేతికి మామూలుది కడితే సిస్టాలిక్ 4.8 మి.మీ. ఎక్కువ చూపింది, ఇంకా పెద్దది అవసరమైన చేతికి 19.5 ఎక్కువ, చిన్నది అవసరమైన చేతికి 3.6 తక్కువ. బక్కచేతుల వాళ్ళకు తక్కువ, లావుచేతుల వాళ్ళకు ఎక్కువ అన్నమాట. అంటే ఈ పొరపాటు యాదృచ్ఛికం కాదు, బరువుతో పాటు పెరుగుతుంది. రేపు విశ్లేషణలో బరువుకు సంబంధించిన జన్యువేదో బీపీ జన్యువులా వేషం వేసుకుని వస్తుంది. అందుకే ప్రతి టీమ్ సంచిలో మూడు కఫ్‌లూ, ఒక టేపూ ఉంటాయి. చుట్టుకొలత ఫారంలో నింపకపోతే యాప్ తర్వాతి పేజీకి వెళ్ళనివ్వదు.

మిషన్ వాలిడేట్ అయిన (సరిగ్గా కొలుస్తుందని పరీక్షించి తేల్చిన) ఆటోమేటిక్ మోడల్ అయి ఉండాలి. పాదరసం మిషన్‌తో, చెవితో వింటూ రాసే పద్ధతి వదిలేశాం. కారణం చివరి అంకె: 120, 130, 140 అని సున్నాకు లాగడం శిక్షణ పొందినవాళ్ళలో కూడా ఆగదు. ఆటోమేటిక్ మిషన్లకు ఆ అలవాటు లేదు, కానీ కఫ్ రబ్బరు పాతబడితే గాలి కారుతుంది. అందుకని ప్రతి సోమవారం వై ఆకారపు కనెక్టర్‌తో ఒక ప్రామాణిక గేజ్‌కు కలిపి 50, 100, 150, 200 దగ్గర రెండూ ఏం చూపిస్తున్నాయో రాస్తాం. 3 మి.మీ. కంటే ఎక్కువ తేడా వస్తే ఆ మిషన్ పక్కకు.

కొలిచే క్రమం: మూత్రానికి వెళ్ళి వచ్చాక, వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి. అరగంట ముందునుంచీ చాయ్, సిగరెట్, గుట్కా ఉండకూడదు. చేయి బల్ల మీద, గుండె ఎత్తున. "అమ్మా, కాలు మీద కాలు తీసేయండి, రెండు పాదాలూ నేలకు ఆనించండి" అన్నది ప్రతిసారీ చెప్పవలసిందే. కాలు మీద కాలు వేసుకుంటే కొలత పెరుగుతుంది. చీర కొంగు కిందనుంచో, పొడుగు చేతుల చొక్కా మీదనుంచో కట్టడం లేదు. చేయి పైకి మడిస్తే బట్ట బిగుసుకుని ఇంకో కఫ్‌లా నొక్కుతుంది, కాబట్టి చేయి బయటికి తీయించాలి. ఆడవాళ్ళకు తెర, ఆడ టెక్నీషియన్ తప్పనిసరి. నిమిషం విరామంతో మూడు కొలతలు. మొదటిది రాస్తాం గానీ వాడం. మిగతా రెండింటి సగటే ఆ రోజు విలువ.

ఆ తర్వాత అదే మనిషిని కొన్ని వారాలకు మళ్ళీ పిలిచి కొలుస్తాం. దీనికి డబ్బెందుకు పెట్టాలి అని సమీక్షలో అడిగారు. జవాబు చిన్న లెక్క: ఒక్కరోజు కొలత నమ్మకం (మళ్ళీ కొలిస్తే అదే వచ్చే తీరు, పూర్తిగా అయితే 1) 0.6 అనుకుంటే, రెండు రోజుల సగటు నమ్మకం 0.75 అవుతుంది. జన్యు విశ్లేషణ పవర్ దృష్టిలో అది 2,000 మంది 2,500 మంది అయినంత ఫలితం. ఇంకో 500 మందికి చిప్ కొనడం కంటే రెండో విడత చాలా చవక.

కొందరికి 24 గంటల మిషన్ కూడా కడుతున్నాం, పగలు 20 నిమిషాలకోసారి, రాత్రి 30 నిమిషాలకోసారి. బీపీ ఉందనే గీత పగటి సగటుకు 135/85, రాత్రి సగటుకు 120/70. దవాఖానలోనే బీపీ పెరిగేవాళ్ళూ, దవాఖానలో మాత్రమే మామూలుగా ఉండేవాళ్ళూ దీనితోనే బయటపడతారు. ఇద్దరిలో రెండో రకమే డేటాకు ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే వాళ్ళు నిశ్శబ్దంగా కంట్రోళ్ళలో చేరిపోతారు.

180/110 దాటినవాళ్ళ విషయంలో పరిశోధన అక్కడే ఆగుతుంది. మళ్ళీ కొలిచి, అదే రోజు డాక్టర్ దగ్గరకు పంపుతాం.

మే: మందులు, ఉప్పు, ఎండ

బీపీ గోలీ వేసుకునేవాళ్ళను తీసేస్తే అసలైన రోగులే పోతారు. ఉన్న కొలతను ఉన్నట్టు వాడితే, టెల్మిసార్టాన్ (ఒక బీపీ మందు) మీద 128/78 ఉన్న మనిషి ఆరోగ్యవంతుల లెక్కలోకి వస్తాడు. అందరూ పాటించే మార్గం సిస్టాలిక్‌కు 15, డయాస్టాలిక్‌కు 10 కలపడం. ఆ మనిషి 143/88 అవుతాడు. ముతక లెక్కే, కానీ తీసేయడం కంటే, వదిలేయడం కంటే మేలని 2005 నుంచీ తేలిన విషయం. దీనికి ముందు అసలు వేసుకుంటున్నారా లేదా తెలియాలి. "బీపీ మందు వాడుతున్నారా?" అని అడిగితే అవునంటారు. "గోలీల పట్టీ చూపిస్తారా, ఈ రోజు వేసుకున్నారా, నిన్న?" అని అడిగితే వేరే జవాబు వస్తుంది. పట్టీ ఫోటో తీసి మందు పేరు, డోసు అందులోంచి నమోదు చేస్తున్నాం. 'తెల్లది, చిన్నది' అన్నది నమోదు కాదు.

ఉప్పు ఎక్కువ తింటారా అంటే ఎవరూ ఒప్పుకోరు. కిలో ఉప్పు ప్యాకెట్ ఇంట్లో ఎన్నాళ్ళు వస్తుంది, ఎంతమంది తింటారు అని అడగాలి. నలుగురున్న ఇంట్లో నెలకు కిలో అయిపోతే మనిషికి రోజుకు 8.3 గ్రాములు. సలహా పరిమితి 5 గ్రాములు. ఆవకాయ, అప్పడాలు, బయటి మిర్చిబజ్జీ దీనికి అదనం. ఊరగాయ పెట్టే నెల మాత్రం ఈ ప్రశ్నకు పనికిరాదు, కల్లుప్పు కిలోల్లో వస్తుంది. కొంతమందిలో 24 గంటల మూత్రం సేకరించి సోడియం చూస్తున్నాం. డబ్బా ఇచ్చి పంపితే మొదటి ఉదయపు మూత్రం కూడా పట్టుకొస్తారు. మొదటిది పారబోసి, ఆ టైమ్ రాసి, మర్నాడు అదే టైమ్‌కు పోసింది డబ్బాలో చేర్చాలి. క్రియాటినిన్ (మూత్రంలో రోజూ దాదాపు ఒకే మొత్తంలో పోయే పదార్థం) మరీ తక్కువగా వస్తే సేకరణ సగంలో వదిలేశారని అర్థం.

ఎండాకాలంలో బీపీ తగ్గుతుంది, చలికాలంలో పెరుగుతుంది. ఒక బస్తీ మొత్తం మేలో, ఇంకో బస్తీ మొత్తం డిసెంబర్‌లో కొలిస్తే ఆ రెండు బస్తీల జన్యు తేడాలన్నీ 'బీపీ సంకేతాలు'గా కనిపిస్తాయి. ప్రతి ప్రాంతాన్నీ కనీసం రెండు కాలాల్లోకి పంచాం. రంజాన్ నెలలో పాతబస్తీ చుట్టుపక్కల సేకరణ లేదు. ఉపవాసం, నీళ్ళు తగ్గడం, నిద్రవేళలు, గోలీల వేళలు అన్నీ మారిపోతాయి.

జూన్: రక్తం

ఒక్కో మనిషి నుంచి ముందు సీరం (గడ్డకట్టిన రక్తం మీద తేలే ద్రవం) ట్యూబు, తర్వాత ఊదారంగు మూత ఈడీటీఏ (రక్తం గడ్డకట్టకుండా ఆపే రసాయనం) ట్యూబులు రెండు, ఒక్కోటి 3 మి.లీ. ఈ క్రమం మారకూడదు. ఈడీటీఏ ట్యూబులో ఉండేది పొటాషియం ఉప్పు. దాని చుక్క సీరంలో పడినా పొటాషియం పెరిగినట్టు వస్తుంది, కాల్షియం పడిపోతుంది. ఆకుపచ్చ మూత ట్యూబు డీఎన్‌ఏ కోసం అసలు వద్దు, అందులోని హెపారిన్ పీసీఆర్‌ను (డీఎన్‌ఏ ముక్కకు లక్షల కాపీలు తీసే పద్ధతి) అడ్డుకుంటుంది. ట్యూబు నింపగానే ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తలకిందులు చేయాలి. చేయకపోతే సన్నని గడ్డలు కడతాయి, తర్వాత తెల్లకణాలు వాటిలోనే ఉండిపోయి డీఎన్‌ఏ తక్కువ వస్తుంది.

కిట్ కాలమ్‌లు వాడే స్తోమత ఉన్నా సాల్టింగ్ అవుట్ (గాఢమైన ఉప్పునీళ్ళతో ప్రొటీన్లను విడదీసే) పద్ధతికే ఓటు వేశాం. చవక, ఫినాల్ ముట్టుకోనక్కర్లేదు, పొడవైన డీఎన్‌ఏ వస్తుంది. ఆ పొడవు డిసెంబర్ పనికి అవసరం. 3 మి.లీ. రక్తానికి 9 మి.లీ. ఎర్రకణాల లైసిస్ బఫర్, అంటే వాటిని పగలగొట్టే ద్రావణం (అమోనియం క్లోరైడ్ 155, పొటాషియం బైకార్బొనేట్ 10, ఈడీటీఏ 0.1 మిల్లీమోలార్) పోసి ఐస్ మీద పది నిమిషాలు ఉంచి స్పిన్ చేయాలి. అడుగున ముద్ద తెల్లబడేదాకా ఇది మళ్ళీ చేయాలి. గులాబీ రంగు మిగిలితే హీమ్ చివరిదాకా వెంట వస్తుంది. తర్వాత 1.5 మి.లీ. న్యూక్లియై లైసిస్ బఫర్, 100 మైక్రోలీటర్ల 10 శాతం ఎస్‌డీఎస్, 25 మైక్రోలీటర్ల ప్రొటీన్లను కరిగించే ప్రొటీనేజ్ కే (మి.లీ.కి 20 మి.గ్రా.). 56 డిగ్రీల్లో రెండు మూడు గంటలు, లేదా 37లో రాత్రంతా. అర మి.లీ. 6 మోలార్ ఉప్పునీళ్ళు పోసి 15 సెకన్లు గట్టిగా ఊపాలి. ఈ ఒక్కచోటే గట్టిగా. మిగతా అన్నిచోట్లా మెల్లగా. స్పిన్ చేసి పైన తేటను రెండింతల ఆల్కహాల్‌లోకి వంచితే డీఎన్‌ఏ తెల్లటి దారప్పోగుల్లా తేలుతుంది. 70 శాతం ఆల్కహాల్‌తో కడిగి, ఆరబెట్టి, టీఈ బఫర్‌లో కరిగించాలి. బాగా ఎండిపోతే కరగడానికి రోజులు పడుతుంది.

ఏసీ 18కి పెట్టిన గదిలో ఎస్‌డీఎస్ తెల్లగా గడ్డకడుతుంది. బాటిల్ పాడైందని పారబోయొద్దు, 37 డిగ్రీల వాటర్‌బాత్‌లో పెడితే మళ్ళీ తేటపడుతుంది.

డీఎన్‌ఏ శుద్ధి చెప్పే 260/280 నిష్పత్తి (260, 280 నానోమీటర్ల కాంతిని పీల్చుకునే తీరు) 1.7–1.9 మధ్య ఉంటే చాలు. 260/230 దిగితే ఉప్పు మిగిలినట్టు, ఇంకోసారి 70 శాతం ఆల్కహాల్ కడుగు. నానోడ్రాప్ (కాంతితో డీఎన్‌ఏ కొలిచే యంత్రం) అంకెను చిప్‌కు వాడకండి. ఆర్‌ఎన్‌ఏను కూడా డీఎన్‌ఏగా లెక్కేస్తుంది. డీఎన్‌ఏకే అంటుకునే రంగు వాడే క్యూబిట్‌లో కొలిచి 50 నానోగ్రాములు/మైక్రోలీటరుకు పలుచన చేస్తున్నాం.

ఆగస్టు: ప్లేట్లు

మా చిప్ పేరు గ్లోబల్ స్క్రీనింగ్ యారే, అందులో సుమారు 6.5 లక్షల మార్కర్లు (డీఎన్‌ఏలో చదివే చోట్లు). శాంపిల్‌కు 200 నానోగ్రాములు, ఒక చిప్‌పై 24 మంది, 96 గుంతల ప్లేటుకు నాలుగు చిప్‌లు.

ప్లేటు నింపే క్రమం కంప్యూటర్ ఇచ్చిన యాదృచ్ఛిక క్రమమే. బీపీ ఉన్నవాళ్ళు ముందు దొరికారు కదా అని వాళ్ళను ముందు ప్లేట్లలో పెడితే, ప్లేటుకూ ప్లేటుకూ ఉండే చిన్న రసాయన తేడా మొత్తం జబ్బు సంకేతంగా వస్తుంది, దాన్ని తర్వాత ఏ గణితమూ విడదీయలేదు. ప్రతి ప్లేటులో వేరే ప్లేటు నుంచి తెచ్చిన రెండు డూప్లికేట్లు, ఒక తెలిసిన కంట్రోల్ డీఎన్‌ఏ, ఒక ఖాళీ గుంత. ఖాళీ గుంత స్థానం ఒక్కో ప్లేటుకు ఒక్కోచోట. ప్లేటు 180 డిగ్రీలు తిరిగిపోయినా, రెండు ప్లేట్లు తారుమారైనా అది ఇట్టే చెబుతుంది.

అక్టోబర్: మేనరికాలు, క్యూసీ

డేటా వచ్చింది. పుస్తకాల్లోని క్యూసీ (డేటా నాణ్యత తనిఖీ) మెట్లు యూరోపియన్ డేటాను దృష్టిలో పెట్టుకుని రాసినవి. 2 శాతం కంటే ఎక్కువ ఖాళీలున్న శాంపిళ్ళు, స్నిప్‌లు తీసేయడం, 1 శాతం కంటే అరుదైనవి పక్కన పెట్టడం వరకూ మనకూ అంతే. ఆ తర్వాతే జాగ్రత్త పడాలి.

హెటరోజైగాసిటీ (తల్లి, తండ్రి నుంచి వేర్వేరు అల్లీళ్ళు వచ్చిన చోట్ల వాటా) సగటునుంచి మూడు ఎస్‌డీలు దాటితే తీసేయమంటారు. మనవాళ్ళలో మేనమామ అక్కకూతురిని చేసుకున్న పెళ్ళిళ్ళున్నాయి, వాళ్ళ పిల్లలకు ఎఫ్ విలువ (రెండు వైపులనుంచీ ఒకే పూర్వీకుడి అల్లీలు వచ్చే అవకాశం) 1/8. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్ళయితే 1/16. వీళ్ళ హెటరోజైగాసిటీ నిజంగానే తక్కువ, డీఎన్‌ఏ పాడై కాదు. తేడా ఎలా తెలుస్తుందంటే, మేనరికమైతే హోమోజైగస్ (రెండు కాపీలూ ఒకటే అయిన) ప్రాంతాలు కొన్ని మెగాబేస్‌ల పొడవున గుత్తులుగా ఉంటాయి, కాల్ రేట్ (చిప్ చదవగలిగిన మార్కర్ల శాతం) బాగుంటుంది. చెడ్డ శాంపిల్ అయితే జీనోమంతా చెదురుమదురుగా ఉంటుంది. అందుకే కింది వైపు ఎవరినీ కళ్ళు మూసుకుని తీయలేదు. పై వైపు దాటినవాళ్ళను మాత్రం తీసేశాం, అది రెండు రక్తాలు కలిసిన గుర్తు.

హార్డీ-వైన్‌బర్గ్ (అల్లీళ్ళ జతలు జనంలో ఆశించిన నిష్పత్తిలో ఉన్నాయా అన్న పరీక్ష) విషయంలో భయం కాస్త ఎక్కువే ఉంది, లెక్కవేస్తే అంత లేదు. కై-స్క్వేర్ సుమారుగా మనుషుల సంఖ్య ఇంటూ ఎఫ్ వర్గం. 2,000 మందిలో సగటు ఎఫ్ 0.03 ఉన్నా అది 1.8 మాత్రమే. 10⁻⁶ గీత దాటాలంటే 24 కావాలి, అంటే ఎఫ్ 0.11 ఉండాలి. కాబట్టి 10⁻⁶ పెట్టుకుంటే మేనరికం వల్ల మంచి స్నిప్‌లు పోవు. 0.001 లాంటి కఠినమైన గీత పెడితే మాత్రం కులాల మధ్య ఫ్రీక్వెన్సీ బాగా మారే స్నిప్‌లు పోవడం మొదలవుతుంది, మనకు కావలసినవి కొన్ని వాటిలోనే ఉండొచ్చు.

ఆడా మగా తనిఖీలో ఇంకో ముడి. ప్లింక్ (జన్యు డేటా సాఫ్ట్‌వేర్) ఎక్స్ క్రోమోజోమ్ ఎఫ్ 0.2 లోపు ఉంటే ఆడ, 0.8 పైన ఉంటే మగ అంటుంది. మేనమామ కూతురిని చేసుకున్న దంపతుల కూతురికి ఎక్స్ మీద ఎఫ్ సగటున 1/8, మామూలు క్రోమోజోమ్‌ల కంటే రెట్టింపు. మేనత్త కూతురిని చేసుకుంటే ఎక్స్ మీద సున్నా. మగాడి ఎక్స్ తల్లినుంచే వస్తుంది కదా, ఆ వైపు చుట్టరికం లేదు. అందుకని కొందరు ఆడవాళ్ళు 0.2 దాటి 'సందేహం' జాబితాలో పడతారు. వై క్రోమోజోమ్ మార్కర్లు ఎన్ని కాల్ అయ్యాయో చూస్తే సందేహం తీరుతుంది. అది కూడా తేడాగా ఉంటేనే ట్యూబుల తారుమారు అని అనుమానించాలి.

చుట్టరికం కోసం కింగ్ సాఫ్ట్‌వేర్ వాడాం: 0.354 పైన ఒకే మనిషి, 0.177 పైన తల్లిదండ్రులు లేదా తోబుట్టువులు, 0.0884 పైన మేనమామ, తాత లాంటి రెండో దగ్గరివాళ్ళు. ఒకే కులం వాళ్ళు ఎక్కువున్న శాంపిల్‌లో ప్లింక్ పై-హ్యాట్ (ప్లింక్ ఇచ్చే చుట్టరికం కొలత) అందరినీ చుట్టాలుగా చూపిస్తుంది, ఒక రకంగా నిజమే అనుకోండి. 2009లో సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి చేసిన అధ్యయనంలో చూపించినట్టు, మన సమాజాల్లో చాలావాటికి కొద్దిమంది పూర్వీకులే మూలం, వైశ్యుల్లో అది బాగా స్పష్టం. నాన్నగారి వైపు, అమ్మగారి వైపు ఊరు, కులం అడిగి అనుమతితో రాసుకోవడం ఇందుకే. రోగులు ఒక సమాజం నుంచి, ఆరోగ్యవంతులు ఇంకో సమాజం నుంచి వస్తే దొరికేది కులాల జన్యు తేడాలే.

పీసీఏకు (జన్యు పోలికలను బట్టి మనుషులను కొన్ని అక్షాల మీద పరిచే లెక్క) ముందు ఆరో క్రోమోజోమ్ ఎచ్ఎల్ఏ ప్రాంతం (25–35 మెగాబేస్‌లు), ఎనిమిదో దాని ఇన్వర్షన్ (తిరగబడిన ముక్క) ప్రాంతం తీసేయాలి. లేకపోతే రెండో మూడో అక్షం ఆ ఒక్క ముక్కనే చూపిస్తుంది.

నవంబర్: ఇంప్యుటేషన్, విశ్లేషణ

డేటా దేశం దాటదని అంగీకార పత్రంలో రాశాం, కాబట్టి అమెరికాలోని ఇంప్యుటేషన్ (చిప్ చదవని చోట్లను లెక్కతో నింపడం) సర్వర్లు వద్దు. సొంత మెషీన్‌లో బీగిల్ సాఫ్ట్‌వేర్. రిఫరెన్స్ (చూసి నింపడానికి వాడే జీనోమ్‌లు) 1000 జీనోమ్స్ ప్రాజెక్టు మూడో దశ: 26 జనాభాల నుంచి 2,504 మంది, అందులో బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళు 102 మంది. డేటాలో వాళ్ళ పేరు ఐటీయూ అని ఉంటుంది. వాళ్ళను బీపీ కంట్రోళ్ళుగా వాడుదామన్న ఆలోచన తరచూ వినిపిస్తుంది, కానీ ఆ ప్రాజెక్టులో ఆరోగ్య వివరాలు సేకరించలేదు. సుమారు 10 వేల మంది భారతీయుల జీనోమ్ ఇండియా డేటా ఫరీదాబాద్‌లోని భారతీయ జీవ సమాచార కేంద్రంలో ఉంది. అనుమతి వస్తే రిఫరెన్స్ అదే అవుతుంది.

ముందు అన్ని స్నిప్‌లూ ఒకే జీనోమ్ బిల్డ్‌కు (స్థానాల లెక్క వెర్షన్), ఒకే స్ట్రాండ్‌కు (డీఎన్‌ఏ రెండు పోగుల్లో ఒకటి) తేవాలి. ఏ/టీ, సీ/జీ స్నిప్‌ల స్ట్రాండ్ చూసి చెప్పలేం, ఫ్రీక్వెన్సీ సగానికి దగ్గరగా ఉన్నవాటిని వదిలేశాం.

'మైనర్ అల్లీలు ప్రభావం' (మైనర్ అంటే జనంలో తక్కువగా ఉన్నది) అని ఎక్కడా రాయకూడదన్నది ఇక్కడి నియమం. ఏజీటీ జన్యువులోని ఆర్‌ఎస్ 699 అనే స్నిప్ చూడండి (పాత పేపర్లలో 235వ అమైనో ఆమ్లం, ఆ తర్వాతి లెక్కలో 268వది). థ్రియోనీన్ ఇచ్చే అల్లీలు యూరప్‌లో సగం లోపు, దక్షిణాసియాలో సగం పైన. మైనర్ అల్లీలు పేరుతో రాసుకుంటే అక్కడి ఫలితం, ఇక్కడి ఫలితం ఎదురెదురు దిశల్లో ఉన్నట్టు వస్తుంది. అక్షరం పేరుతోనే రాయాలి. ఎస్ఎచ్2బీ3లోని ఆర్‌ఎస్ 3184504 ఇంకో రకం: యూరప్‌లో టీ అల్లీలు సగానికి దగ్గర, మన దగ్గర బాగా తక్కువ. అది ఇక్కడ పలకలేదంటే యూరప్ ఫలితం తప్పని కాదు. ఏటీపీ2బీ1 మాత్రం 2009లో యూరప్‌లో, కొరియాలో రెండుచోట్లా తేలింది. మొదట చూసేది అదే.

విశ్లేషణకు జెమ్మా సాఫ్ట్‌వేర్‌లోని మిక్స్‌డ్ మోడల్ (చుట్టరికాన్ని లెక్కలోకి తీసుకునేది). చుట్టాలను తీసేయక్కర్లేదు, ఈ సైజుకు సరిపోతుంది. వయసు, వయసు వర్గం, లింగం, కాలం, పీసీలు (పీసీఏ అక్షాలు) కోవేరియట్లు (లెక్కలో సర్దే అంశాలు). బీఎంఐతో ఒకసారి, లేకుండా ఒకసారి. బీఎంఐ కూడా వారసత్వంగా వచ్చేదే, దాన్ని సర్దితే లేని సంకేతాలు పుట్టే అవకాశముంది. రెండింటిలోనూ నిలిచినదాన్నే లెక్కలోకి తీసుకుంటాం.

తెలిసిన 40 స్వతంత్ర స్నిప్‌ల దిశ పరీక్షే ఈ దశలో అసలు ఫలితం. కాకతాళీయంగా అయితే 20 సరిపోలాలి. 27 గానీ అంతకంటే ఎక్కువ గానీ సరిపోలడం ఊరికే జరిగే అవకాశం సుమారు 2 శాతం. విడివిడిగా ఏ ఒక్కటీ గీత దాటకపోయినా ఈ పరీక్ష మాట్లాడుతుంది. జాబితా ఫలితాలు చూడకముందే తాళం వేసి పెట్టాం.

పీజీ విద్యార్థుల కోసం ఒక మాట. ఏసీఈ జన్యువులో ఒక ముక్క ఉందా (ఇన్సర్షన్, ఐ) లేదా (డిలీషన్, డీ) అని చూసే పీసీఆర్ మన కాలేజీల్లో ఇష్టమైన ప్రాజెక్టు: ఇన్సర్షన్ ఉంటే 490, లేకపోతే 190 బేస్‌ల బ్యాండు. చిన్న బ్యాండు ముందు పెరిగి పెద్దదాన్ని తొక్కేస్తుంది, ఐడీ వాళ్ళు డీడీలుగా నమోదవుతారు. డీడీ వచ్చిన ప్రతి శాంపిల్‌నూ ఇన్సర్షన్‌కే అతుక్కునే ప్రైమర్‌తో (పీసీఆర్ మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్క) మళ్ళీ చేయాలి, 335 బేస్‌ల బ్యాండు వస్తే అది ఐడీ. ఇది చేయని పేపర్‌లో 'డీడీ ఎక్కువ' అన్న ముగింపును నమ్మకండి.

డిసెంబర్: కుటుంబాలు

30 లోపే బీపీ, ఇంట్లో ఇంకొకరికి కూడా, పొటాషియం తేడా. ఇవి ఉంటే ఆ కుటుంబం ఈ భాగంలోకి వస్తుంది. ఎక్సోమ్‌కు (ప్రొటీన్ల సూచనలున్న జన్యుభాగాలన్నీ చదవడం) ముందు రెండు పరీక్షలు: బీపీని నియంత్రించే రెనిన్, ఆల్డోస్టిరాన్. రెండూ తక్కువైతే లిడిల్ సిండ్రోమ్ (మూత్రపిండాలు సోడియం ఎక్కువగా పట్టుకునే వారసత్వ జబ్బు) లేదా ఎచ్ఎస్‌డీ11బీ2 జన్యువు లోపం. రెనిన్ తక్కువ, ఆల్డోస్టిరాన్ ఎక్కువైతే సీవైపీ11బీ1, బీ2 జన్యువులు అతుక్కుని పుట్టే జబ్బు, లేదా అడ్రినల్ గడ్డ. పొటాషియం ఎక్కువగా ఉంటే గోర్డన్ సిండ్రోమ్, చూడవలసిన జన్యువులు: డబ్ల్యూఎన్‌కే1, డబ్ల్యూఎన్‌కే4, కేఎల్ఎచ్ఎల్3, సీయూఎల్3.

తప్పులన్నీ శాంపిల్ దగ్గరే. రెనిన్ ట్యూబు ఐస్‌లో పెట్టకూడదు, చలికి ప్రోరెనిన్ రెనిన్‌గా మారి విలువ పెరుగుతుంది. పొటాషియం ట్యూబు కూడా ఐస్ మీద ఉంచితే కణాల్లోంచి పొటాషియం బయటికి కారుతుంది. ఎండాకాలం ఐస్‌బాక్స్ అలవాటుతో రెండూ ఐస్‌లోకే వెళ్తాయి, అందుకే ఈ ట్యూబుల సంచి విడిగా, గది ఉష్ణోగ్రతలో, గంటలోపు స్పిన్. బీటా బ్లాకర్లు రెనిన్‌ను తగ్గిస్తాయి, స్పిరనోలాక్టోన్ (ఆల్డోస్టిరాన్‌ను అడ్డుకునే మందు) నాలుగు వారాలు ఆపాలి. మందు మార్చేది చూసే డాక్టరే, మేం కాదు.

ఇంకో ప్రశ్న తప్పనిసరి: దగ్గుకు అతిమధురం వాడుతున్నారా? అందులోని గ్లిసరైజిన్ సరిగ్గా ఎచ్ఎస్‌డీ11బీ2 ఎంజైమ్‌నే అణిచేస్తుంది. బీపీ, తక్కువ పొటాషియం, తక్కువ రెనిన్ అచ్చం జన్యు జబ్బులాగే ఉంటాయి. ఆపించి కొన్ని వారాల తర్వాత మళ్ళీ చూడటం ఎక్సోమ్ కంటే చవక.

లిడిల్ అనుమానమైతే ముందు ఎస్‌సీఎన్ఎన్1బీ, ఎస్‌సీఎన్ఎన్1జీ జన్యువుల 13వ ఎక్సాన్ (జన్యువులోని ఒక ముక్క) సాంగర్ సీక్వెన్సింగ్ (ఆ ముక్కను అక్షరం అక్షరం చదవడం). తెలిసిన మార్పుల్లో ఎక్కువ భాగం అక్కడి పీవై మోటిఫ్ అనే చిన్న భాగం దగ్గరే ఉన్నాయి. అది పోతే చానెల్‌ను కణం లోపలికి లాగే నెడ్4-2 ప్రొటీన్ దాన్ని పట్టుకోలేదు, సోడియం లోపలికి వస్తూనే ఉంటుంది. తేలితే చికిత్స కూడా వెంటనే మారుతుంది: ఎమిలోరైడ్ పనిచేస్తుంది, స్పిరనోలాక్టోన్ పనిచేయదు.

మేనరికం ఉన్న ఇంట్లో వరస మారుతుంది. లిడిల్ డామినెంట్ (ఒక కాపీ మారినా వచ్చేది), ప్రతి తరంలో కనిపించాలి. తల్లిదండ్రులకు బీపీ లేకుండా ఇద్దరు పిల్లలకు ఉంటే రిసెసివ్ (రెండు కాపీలూ చెడితేనే వచ్చే) వాటిని ముందు చూడాలి: ఎచ్ఎస్‌డీ11బీ2, సీవైపీ11బీ1, సీవైపీ17ఏ1. పిల్లల హోమోజైగస్ గుత్తులు చిప్ డేటాలో ఇప్పటికే ఉన్నాయి, ఈ మూడు జన్యువుల్లో ఏది ఆ గుత్తిలో పడిందో చూస్తే ఎక్సోమ్ చదవడం సగం పని తగ్గుతుంది. ఫిల్టర్ చేసేటప్పుడు నోమాడ్ (ప్రపంచ వేరియంట్ల డేటాబేస్) మొత్తం ఫ్రీక్వెన్సీ కాకుండా దక్షిణాసియా కాలమ్ చూడాలి. అక్కడ లేనంత మాత్రాన అరుదని కాదు, ఒక కులంలో వందకు ఇద్దరికి ఉండి నోమాడ్‌లో లేని వేరియంట్ ఉండొచ్చు. మా 2,000 మంది డేటా ఇక్కడ రెండోసారి అక్కరకు వస్తోంది, అదే సమాజం నుంచి కంట్రోళ్ళుగా.

సీవైపీ11బీ1, బీ2 జన్యువులు 95 శాతం దాకా ఒకేలా ఉంటాయి, ఎనిమిదో క్రోమోజోమ్ మీద పక్కపక్కనే. అవి అతుక్కున్న జన్యువు మామూలు ఎక్సోమ్‌లో కనిపించదు, రీడ్లు (యంత్రం చదివిన చిన్న ముక్కలు) రెండింటికీ పంచుకుపోతాయి. ఒక ప్రైమర్ బీ1 మొదట్లో, ఇంకోటి బీ2లో పెట్టి లాంగ్ పీసీఆర్ చేయాలి. ముక్కలైన డీఎన్‌ఏతో ఇది రాదు, ప్రతిసారీ పక్కన మామూలు బీ2 కంట్రోల్ రియాక్షన్ పెట్టకపోతే 'బ్యాండు లేదు' అన్నదానికి అర్థం ఉండదు. ప్రైమర్లు వచ్చాయి. పాజిటివ్ కంట్రోల్ డీఎన్‌ఏ కోసం అడిగి ఉంచాం, అది చేరేదాకా ఈ కుటుంబాల రిపోర్టులు 'పెండింగ్' లోనే ఉంటాయి.